ఈసినోఫిల్స్ ఎందుకు పెరిగాయో తెలుసుకునే దాకా: నా అనుభవం

ఒళ్లంతా దురద, పొద్దున లేస్తే కళ్ల చుట్టూ వాపు. నెలల తరబడి ఎలర్జీ మాత్రలు వాడినా తగ్గకపోతే అమలాపురంలో రక్త పరీక్ష చేయించుకున్నాను. తెల్లకణాల్లో ఈసినోఫిల్స్ అనేవి మైక్రోలీటరుకు 500 లోపు ఉండాలి. నాకు ఐదు వేలు దాటాయి.

మా కోనసీమలో ఈ మాట వినగానే ముందు పురుగులనో, ఫైలేరియానో అంటారు. అది సబబే, బోదకాలు మా ప్రాంతానికి కొత్త జబ్బేమీ కాదు. ఆ క్రిములు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి బాగా పొద్దుపోయాక రక్తం తీశారు. ఏమీ కనబడలేదు. ఫైలేరియాకిచ్చే డీఈసీ మాత్రల కోర్సు వాడినా సంఖ్య దిగలేదు. 1500 పైన అలాగే ఉండిపోతే గుండె కూడా దెబ్బతినొచ్చని కాకినాడలో ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. గుండె బాగానే ఉందన్నాక ఆ రాత్రి ఇంట్లో అందరం కడుపు నిండా తిన్నాం.

తర్వాత విశాఖలో ఎముక మజ్జ పరీక్ష. బ్లడ్ క్యాన్సరేమోనన్న టెన్షన్ అందరికీ ఉంది, పైకి ఎవరూ అనలేదు. ఎఫ్ఐపీ1ఎల్1, పీడీజీఎఫ్ఆర్ఏ అనే రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటే ఇమాటినిబ్ మాత్ర చాలా బాగా పనిచేస్తుందట. నాకు ఆ అతుకు లేదు. కణాల మీది గుర్తులను బట్టి వాటిని వేరుచేసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో మాత్రం, సీడీ4 అనే గుర్తు ఉండి, పైన ఉండాల్సిన సీడీ3 అనే గుర్తు కనబడని టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) బయటపడ్డాయి.

జబ్బు పేరు హైపర్‌ఈసినోఫిలిక్ సిండ్రోమ్ అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. తప్పు ఈసినోఫిల్స్‌ది కాదు. ఆ టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రోటీన్‌ను అదే పనిగా వదులుతున్నాయి. అది మజ్జలో ఈసినోఫిల్స్‌ను పెంచుతుంది, పుట్టినవాటిని త్వరగా చావనివ్వదు. చేలో నీళ్లు తోడుతూ కూర్చుంటే చాలదు, తూము ఎక్కడ తెరుచుకుందో చూడాలి కదా. నాకు అప్పుడు విషయం బోధపడింది.

మందు స్టెరాయిడే. కానీ మొదలుపెట్టే ముందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. తడి మట్టిలోంచి పాదాల ద్వారా ఒంట్లోకి చేరే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఉంటే, స్టెరాయిడ్ పడ్డాక ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. వరిచేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే మనవాళ్లు ఈ సంగతి డాక్టర్ని తప్పకుండా అడగాలి. ఇంటర్‌ల్యూకిన్-5నే పట్టి ఆపే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్‌కు ఈ జబ్బులో వాడేందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదు మాలాంటివాళ్లకు చాలా బరువు. స్టెరాయిడ్‌కు లొంగకపోతే ఆలోచిద్దామన్నారు.

దురద పోయింది, మోతాదు తగ్గిస్తున్నారు. ఆ టీ కణాలు కొందరిలో ఏళ్ల తర్వాత లింఫోమా అనే క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. అందుకే వెళ్లినప్పుడల్లా మెడ, చంకల్లో గడ్డలేమైనా తగులుతాయేమోనని డాక్టరమ్మ నొక్కి చూస్తారు.