పెన్సిల్ సెల్లుల కెమెరా

ఈరోజు ఆదివారం. పొద్దున ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుతుంటే, హాస్టల్ నుంచి నిన్న వచ్చిన మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీ పాత కెమెరా యాడ పెట్టినావు?" అంది. పదేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. పాత చిన్న కెమెరాల్లో తీసిన ఫోటోలే ఇప్పుడు పిల్లలకు ఫ్యాషనంట. ఫోన్‌లో తీస్తే మరీ నున్నగా వస్తాయంట. నున్నగా రావడం ఎప్పటి నుంచి తప్పయిందో గానీ, అడిగింది నా కెమెరాను కాబట్టి బజ్జీల పిండి అట్లే వదిలేసి వెళ్లి బీరువా తీశాను.

పై అరలో ఉంది. 2009లో కర్నూలుకు వచ్చిన వరద చూసినప్పటి నుంచి మా ఇంట్లో విలువైనవన్నీ పై అరల్లోనే. కింది అరల్లో దుప్పట్లు.

సెల్లుల మూత తెరవగానే ప్రాణం ఉసూరుమంది. రెండు సెల్లులూ కారిపోయి, స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి ఉంది. నా తప్పే. వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టాలని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని, నేను తీయలేదు. అయినా ఫిజికల్ సైన్స్ టీచర్ని కాబట్టి మందు తెలుసు. ఆల్కలైన్ సెల్లు నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. దానికి ఆమ్లం తగలాలి. నిమ్మకాయ కోసి, చెవులు తుడుచుకునే దూదిపుల్లను రసంలో ముంచి రుద్దితే సన్నగా నురగొచ్చింది. మా అమ్మాయి వంగి చూస్తూ, "ఇది పరీక్షలో వస్తుంది కదా!" అంది. తడి లేకుండా తుడిచి, గరుకు కాగితంతో స్ప్రింగు కొనలు గీకి, ఫ్యాను కింద పెట్టి బజ్జీలకు వెళ్లాను.

నూనె కాగేదాకా ఆ కెమెరా కొన్న రోజులే గుర్తొచ్చాయి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మేం వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. చంకలో ఏడాది పిల్లతో మిద్దె ఎక్కాం. నీళ్లు తీశాక కిందికి దిగితే బీరువా నిండా బురద. అడుగు అరలో మా పెళ్లి ఆల్బం. కడిగి, మిద్దె మీద ఎండలో ఆరబెట్టాను. అదే నేను చేసిన ఘోరం. ఫోటో కాగితం పైపూత జెలటిన్. తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది, ఒకదానికొకటి ఆనుకుని ఆరితే జిగురు పెట్టినట్టు అతుక్కుంటుంది. తడి ఆరకముందే చల్లటి మంచినీళ్లలో ఉంచి ఒక్కొక్కటీ మెల్లగా విడదీసి ఉంటే కొన్నయినా దక్కేవి. నాకు ఆ సంగతి తెలిసింది తర్వాత. ఎండిన పుటలు విడదీస్తే మొహాలు ఒక వైపు, చీరలు ఇంకో వైపు పోయాయి.

సంక్రాంతికి చీటీ పాడితే వచ్చిన డబ్బుతో ఫ్రిజ్ వస్తుందని అందరూ అనుకున్నారు. నేను కెమెరా కొన్నాను. ఫిల్మ్ వద్దు, ఆల్బం వద్దు, నీళ్లలో నానేది ఏదీ వద్దనుకున్నాను. అత్తమ్మ మాత్రం "మునిగిన ఇంటికి ఫోటోలొకటి తక్కువైనాయా" అనింది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

దాన్ని చేసిన కంపెనీ కెమెరాలన్నిట్లోకీ అప్పట్లో చవకది అదే. ఆరువేల లోపు. 10 మెగాపిక్సెళ్లు, మూడు రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు. కంటికి ఆనించుకుని చూసే కిటికీ లేదు, వెనకాల రెండున్నర అంగుళాల తెర ఒక్కటే. కర్నూలు ఎండలో ఆ తెర మీద కనపడేది మన మొహమే. మే నెలలో ఆరుబయట తీసిన ఫోటోలన్నీ నేను అందాజుగా తీసినవే.

దాంతో నా గొడవంతా సెల్లులతోనే. మొదటి రోజు పక్క కొట్లో మామూలు సెల్లులు తెచ్చి వేస్తే ఎనిమిది ఫోటోలకే బ్యాటరీ మార్చమని తెర మీద రాసి, లెన్సు లోపలికి ముడుచుకుని పడుకుంది. కెమెరా చెడిపోయిందని ఏడుపొక్కటే తక్కువ. అవే సెల్లులు తీసి గోడ గడియారంలో వేస్తే ఆరు నెలలు ఆడాయి! గడియారానికి కావలసింది చీమ తిండి. ఫ్లాష్ నింపడానికి, లెన్సు తోయడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. మామూలు సెల్లు అంత ఇవ్వబోతే దాని వోల్టేజీ పడిపోతుంది, కెమెరా దాన్ని ఖాళీ అనుకుంటుంది. తర్వాత ఛార్జింగ్ సెల్లులు కొన్నాను. వాటి మీద 1.2 వోల్టులని, మామూలు వాటి మీద 1.5 అని ఉంటుంది. తక్కువది ఎక్కువ ఫోటోలు ఎట్లా ఇస్తుందని మా ఆయన వారం రోజులు వాదించాడు. నేను బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను, అప్పటికీ నమ్మలేదు. ఒక పెళ్లిలో వంద దాటినా ఆగకపోయేసరికి నోరు మూశాడు.

ఇంకొకటి, నొక్కినప్పటికీ తీసినప్పటికీ మధ్య ఆలస్యం. అత్తమ్మ ఫోటోలన్నిట్లో ఆమె లేచి వెళ్లిపోతూనే ఉంటుంది. నొక్కగానే అయిపోయిందనుకుంటుంది మరి. బటన్ సగం నొక్కి పట్టుకుని, తెర మీద పచ్చ గడి వచ్చాక మిగతా సగం నొక్కాలని నాకే తెలియడానికి మూడు నెలలు పట్టింది. రాత్రి పూట ఫంక్షన్ హాల్లో ఫ్లాష్ లేకుండా తీస్తే మొహాల మీద రవ్వ చల్లినట్టుండేది. దాన్నేం అనలేం. లోపల వెలుతురును పట్టే సెన్సర్ సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు, అంటే చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అందులో కోటి చుక్కలు కిక్కిరిసి కూర్చుంటే ఒక్కొక్కదానికి వెలుతురు ఎంత దక్కుతుంది?

మరీ దగ్గరి వస్తువులు తీయడానికి ఉన్న పువ్వు గుర్తు నొక్కితే మాత్రం ఆ చవక కెమెరా రాణి. వంకాయ పువ్వు మీద చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు. నేను క్లాసులో చూపించిన ఉప్పు స్ఫటికాల ఫోటో దాంతో తీసిందే.

ఒకసారి యాగంటి మెట్ల మీద చేయి జారి పడి లెన్సు వంకరగా ఆగిపోయింది. రిపేరు చేసే ఆయన సగం ధర చెప్పి, "దీనికెందుకమ్మా, కొత్తది తీసుకో" అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన రెండు వేళ్లతో అదిమితే టక్కుమని కూర్చుంది. ఇట్లా చేయొచ్చని నేను ఎవరికీ చెప్పను, మాకు అదృష్టం బాగుంది అంతే.

సాయంత్రం సెల్లుల కోసం కొట్టుకు వెళ్తే, "రిమోట్‌కా మేడం, గడియారానికా?" అని అడిగాడు కుర్రాడు. కెమెరాకు అంటే ఒక్క క్షణం నా మొహం చూసి, వెనక్కి వెళ్లి దుమ్ము దులిపి ఆల్కలైన్ ప్యాకెట్ తెచ్చాడు. అక్కడే వేసి చూశాను. లెన్సు జుయ్యిమని బయటికొచ్చింది. కెమెరా తేదీ పెట్టమని అడుగుతుంటే, "తర్వాత చూస్తాంలే మా, వెలుతురు పోతుంది" అని మా అమ్మాయి లాక్కుంది.

కొండారెడ్డి బురుజు దగ్గరికి నడిచాం. ఆదివారం కదా, సందడిగా ఉంది. పిల్ల కెమెరాను ఎర్రటి సూర్యుడి వైపు తిప్పగానే తెర మీద పైనుంచి కిందికి నిలువుగా ఒక గీత పడింది. సీసీడీ అనే పాత రకం సెన్సర్ల లక్షణం అది. అప్పట్లో ఆ గీత చూసి కెమెరాకు రోగమొచ్చిందని నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మా అమ్మాయేమో, "అబ్బా, ఇదే కావాల్సింది!" అని గంతేసింది. బురుజు ముందు నన్ను నిలబెట్టి ఫ్లాష్ వేసి తీసింది. మొహం సున్నం కొట్టినట్టు, వెనక బురుజు చీకటిగా వచ్చింది. అదీ బాగుందంట. నేను మారు మాట్లాడలేదు.

రాత్రి భోజనాలయ్యాక కార్డు చూద్దామంటే ల్యాప్‌టాప్‌కు ఆ సందే లేదు. పై వాటాలో వాళ్లను అడిగి కార్డ్ రీడర్ తెచ్చాం. 2 జీబీ కార్డు, దాంట్లో నాలుగు వందల పైచిలుకు పాతవి. మొట్టమొదటి ఫోటో మా పెళ్లి ఆల్బమే. కెమెరా చేతికి రాగానే ఆ అతుక్కున్న పుటలనే తీశానని పూర్తిగా మర్చిపోయాను. దాన్ని చప్పున దాటించేశాను.

తర్వాతి దాని దగ్గర మా అమ్మాయి ఆగింది. "అమ్మా, ఇది 2009 జనవరి 1 అంట. నేను పుట్టింది అంతకు ముందు సెప్టెంబరులోనే కదా. ఇందులో నడుస్తున్నా!"

సెల్లులు తీసి కొన్నాళ్లుంచితే ఆ కెమెరా గడియారం మొదటికి పోతుంది. దాని మొదలు 2009 జనవరి 1. తేదీ పెట్టకుండా హడావిడిగా తీసినవన్నీ ఆ ఒక్క రోజు కిందే పడ్డాయి. అత్తమ్మ పిడకల పక్కన, పిల్ల మూడు చక్రాల బండి మీద, అన్నీ ఒకే రోజు.

"మరి వెనక గోడ మీద ఈ గీత ఏంది?"

నా భుజం కన్నా పైన, గోడ పొడవునా గోధుమ రంగు చార. మూడుసార్లు సున్నం కొట్టించినా వానాకాలంలో మళ్లీ తేలేది. వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత. ఫోటో కింది తేదీ చూస్తే వరదకు తొమ్మిది నెలల ముందు.

దాని గురించి చెబుతూ కూర్చుంటే పదకొండయింది. పడుకునే ముందు కెమెరాలోంచి సెల్లులు తీసి వేరే కవర్లో పెట్టాను. తేదీ మళ్లీ వెనక్కి పోతుంది. పోతే పోనీ, కారకుండా ఉంటే చాలు.