కొత్త పెట్టలు, పాత గూడు: గుమ్మం దగ్గర తేలని పంచాయితీ

ఆదివారం

కోళ్లు పగలంతా బాగానే ఉంటున్నాయి, చిరాకంతా అందుకే. మధ్యలో కట్టిన మెష్ తీసేశాక కొత్త పెట్టలు నాలుగూ పాతవాటితో కలిసి నేల గీరుకుంటున్నాయి, ఒకే గుంటలో మట్టిస్నానాలు చేస్తున్నాయి. పొద్దుగూకేసరికి కథ మళ్లీ మొదటికొస్తోంది. పాతవి ఎనిమిదీ గూట్లోకెళ్లి దండెం (రాత్రి కూర్చునే అడ్డకర్ర) ఎక్కేస్తాయి. కొత్తవి గుమ్మం ముందు ఆగిపోతాయి. ఒకటి ధైర్యం చేసి తల లోపలికి పెడుతుంది, టక్కున ఒక పొడుపు పడుతుంది, తల బయటికొచ్చేస్తుంది. కాసేపటికి ఇంకోటి తల పెడుతుంది, దానికీ అదే మర్యాద. చీకటి ముదిరితే కోళ్లకు చూపు ఆనదు కదా, చివరికి రెండు గుడ్లపెట్టె మీద, ఒకటి మేత డబ్బా మూత మీద, పర్ల అనే చుక్కల పెట్ట మాత్రం నేల మీదే ముడుచుకుంటాయి.

దీనికి ముందు జరిగినదాంట్లో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. నెల రోజులు విడిగా ఉంచితే ఒక్క తుమ్ము లేదు, కళ్లలో నురగ లేదు, ఈకల మొదళ్లలో పేలగుడ్లు లేవు. పాదాలు ముంచే తొట్టెలో వర్కాన్ ఎస్ అనే క్రిమినాశిని వాడాను, లీటరుకు 10 గ్రాములు. పని అయిపోతే గులాబీ రంగు దానంతట అదే వెలిసిపోతుంది, మార్చాలని గుర్తుపెట్టుకునే బాధ లేదు. సున్నం చల్లి చేతులు దులుపుకోవడం కంటే వంద రెట్లు నయం. మేత విషయంలో మాత్రం రాజీ పడలేదు. అందరికీ గ్రోయర్ దాణాయే (ఎదిగే కోళ్లది), గుడ్లు పెట్టేవాటి కాల్షియం కోసం ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో. లేయర్ దాణాలో (గుడ్లు పెట్టే కోళ్లది) కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది. ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు అది పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక అసలు గొడవకు వద్దాం. గూడు 1.8 మీటర్లకు 2.4 మీటర్లు. పన్నెండు కోళ్లకు తలా 0.36 చదరపు మీటర్లు, అంటే దాదాపు నాలుగు చదరపు అడుగులు. దండెం 2.4 మీటర్లు, ఒక్కోదానికి 20 సెంటీమీటర్లు. కాగితం మీద లెక్క సరిపోయింది. కోళ్లు కాగితం చదవవు. గుమ్మం 28 సెంటీమీటర్ల వెడల్పు, 34 ఎత్తు, ఎడమ గోడకు ఉంది. దండెం ఎడమ కొస సరిగ్గా దాని పక్కనే మొదలవుతుంది. ఆ కొసన కూర్చునేది కాకి అనే పాత పెట్ట. పేరుకు తగ్గట్టే నల్లటిది, మందకు పెద్ద. ముక్కు నుంచి గుమ్మం అంచుకు టేపు పెట్టి కొలిస్తే 38 సెంటీమీటర్లు. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే, మెడ చాపితే చాలు, వచ్చినదాని నెత్తి అందుతుంది.

ఫోన్‌తో వెలుతురు కూడా కొలిచాను. ఫోన్ మీటర్‌ను గట్టిగా నమ్మలేం గానీ, ఒకే ఫోన్, ఒకే చోటు కాబట్టి పోల్చుకోడానికి పనికొస్తుంది. పాతవి 40 లక్స్ దగ్గర లోపలికి బయల్దేరి 15కల్లా సర్దుకుంటున్నాయి. కొత్తవి 15 దాకా గుమ్మం వైపే రావు, 3కి వచ్చేసరికి ఆశ వదిలేసుకుంటాయి. ఈ మధ్యలో వాటికి దొరికేది పది, పదకొండు నిమిషాలు.

రాత్రి చీకట్లో ఎత్తుకెళ్లి దండెం మీద పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయని ఎవర్ని అడిగినా చెబుతారు. పెట్టాను. రాత్రంతా ప్రశాంతం. తెల్లారి కెమెరాలో చూస్తే 5:38కి మొదటి కదలిక, తలుపు టైమర్ 6:10కి. ఆ 32 నిమిషాల్లో 41 పొడుపులు. అందులో 33 కాకివే. ఆ 33లో 27 ఒక్క పర్ల మీదే పడ్డాయి. తురాయి వెనక కాస్త చీరుకుపోతే జెన్షియన్ వయొలెట్ అనే ఊదా మందు పూశాను. ఎర్ర చుక్క కనబడితే మిగతావీ పొడుస్తాయి, ఊదా రంగు జోలికి అంతగా రావు. టైమర్‌ను 5:35కి మార్చాను. బయటి ఆవరణ పైనా కిందా మెష్‌తో మూసే ఉంది, ముంగిస భయం లేదు. తెల్లవారు గొడవ అక్కడితో సద్దుమణిగింది. సాయంత్రం గొడవ అలాగే ఉంది.

బుధవారం

కాకిని తీసి వేరే బోనులో పెట్టాను. కొన్నాళ్లు మందకు దూరంగా ఉంచితే తిరిగొచ్చేసరికి దాని స్థానం జారిపోతుందని లెక్క. ముక్కుకు తగిలించే ప్లాస్టిక్ కళ్లజోళ్లు కూడా ఉన్నాయి, ఎదురుగా ఏముందో కనబడకుండా చేస్తాయి. నాకవి నచ్చవు. దండెం ఎక్కేటప్పుడు దూరం అంచనా తప్పి పడుతుందేమోనని భయం.

సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇవాళ దారి ఖాళీ కదా అని. అంతవరకూ కొత్తవాటి జోలికే వెళ్లని డేగ అనే ఇంకో పాత పెట్ట ఏం చేసిందంటే, నడుచుకుంటూ వెళ్లి కాకి కూర్చునే ఆ ఎడమ కొసనే ఎక్కి కూర్చుంది. మొదటి తల లోపలికి రాగానే టక్. అవే 38 సెంటీమీటర్లు, అదే మెడ చాపు, అదే దెబ్బ. మర్నాడు సాయంత్రమూ అదే.

ఇది చూశాక నా ఆలోచన మారింది. దోషం కోడిది కాదు, ఆ చోటుది. గుమ్మం కనబడుతూ, మెడకు అందుతూ ఉన్నంతకాలం అక్కడ ఎవరు కూర్చున్నా కాపలాదారే. కాకిని తెచ్చి మందలో వదిలేశాను. కాసేపు డేగతో ఎదురెదురు నిలబడి మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి, రెండు ఎగుళ్లు ఎగిరాయి, కాకి తన చోటు తను తీసుకుంది.

శుక్రవారం

45 సెంటీమీటర్ల వెడల్పు, 60 ఎత్తు ప్లైవుడ్ ముక్కను గుమ్మానికీ దండేనికీ మధ్య అడ్డంగా బిగించాను. దండెం మీంచి ఇప్పుడు గుమ్మం కనబడదు. లోపలికొచ్చినది చెక్క వెనక నుంచి కిందకు దిగి, నేల మీద నడిచి, కుడి కొస నుంచి ఎక్కొచ్చు.

కాకి వచ్చింది, చెక్కను చూసింది, ఒకసారి పొడిచి చూసింది, మధ్యకు జరిగి కూర్చుంది. ఎడమ కొస సేతువ అనే మరో పాత పెట్టకు దక్కింది. ఇదో తమాషా: కాకి డేగను పొడుస్తుంది, డేగ సేతువను పొడుస్తుంది, సేతువ మాత్రం కాకిని లెక్కచెయ్యదు. కోళ్ల పొడుపు వరస గురించి మొదట రాసిన నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె 1920లలోనే చెప్పాడు, ఆ వరస ఎప్పుడూ నిచ్చెనలా ఉండదని, మూడింటి మధ్య ఇలా గుండ్రంగా తిరగొచ్చని. సేతువ కొత్తవాటిని కన్నెత్తి చూడదు. మూడు కొత్త పెట్టలు ఒక్క దెబ్బ కూడా తినకుండా దండెం ఎక్కాయి!

పర్ల మాత్రం ఎక్కలేదు. దారి ఖాళీగా ఉన్నా గుమ్మం వైపే రావడం లేదు. ఇంకా వెలుతురుండగానే బయటున్న గుడ్లపెట్టెలో దూరిపోతోంది, పొద్దున్నకు పెట్టెనిండా రెట్ట, గుడ్లకు మరకలు. సాయంత్రాలు పెట్టెకు పలక అడ్డం పెడితే గోడ మూలన కూలబడుతోంది.

దీని బరువే నన్ను నిలవనివ్వడం లేదు. మెష్ తీసినప్పుడు 1,420 గ్రాములు. తర్వాత 1,365. ఇవాళ 1,310. మిగతా మూడూ పెరిగాయి. పడుకునే వేళ గొంతు కింది మేతసంచిని తడిమితే మిగతావాటికి నిమ్మకాయంత ముద్ద తగులుతుంది, దీనికి చదునుగా ఉంది. రెట్ట మామూలుగానే ఉంది, రక్తం లేదు, ముక్కు కారడం లేదు. జబ్బనిపించడం లేదు, తినే సందు దొరకడం లేదంతే.

ఎందుకు దీన్నే? ఒక అనుమానం రంగు. మిగతా మూడూ ఎర్రవి, ఇదొక్కటే చుక్కలది, వేరుగా కనబడేదాని మీదకు వెళ్లడం కోళ్లకు అలవాటే. ఇంకో అనుమానం తురాయి. నాలుగింట్లో దీనికే ముందుగా ఎర్రబడుతోంది, గుడ్డుకు వస్తోందన్నమాట. ఆ దశలో ఉన్న పెట్టను పెద్దవి పిల్ల కింద వదిలేయవు, పోటీ కింద చూస్తాయి. నేను రెండోదాని వైపే మొగ్గుతున్నాను, ఎందుకంటే మెష్ ఉన్నన్నాళ్లూ, తురాయి ఇంకా పాలిపోయి ఉన్నప్పుడు, కాకి దీన్ని పట్టించుకున్నదే లేదు.

మేత గిన్నెలు రెండూ ఒకే గోడ పక్కన మూడు మీటర్ల దూరంలో ఉన్నాయి. కాకి ఒకచోట నిలబడి రెండింటినీ చూడగలదు. మూడో గిన్నె గూడు వెనక పెట్టాను, మూల తిరిగితే తప్ప కనబడదు. పెట్టిన గంటలోనే పర్ల దాని దగ్గరే కనిపించింది. నీళ్లది కూడా ఒకటి అక్కడికే మార్చాలి. (నీళ్లలో యాపిల్ సైడర్ వెనిగర్ కలపమనేవాళ్లకు దండం. దానివల్ల జరిగే మేలు నాకెప్పుడూ కనబడలేదు, జింకు పూత తొట్టెను అది తినేయడం మాత్రం కనబడింది.)

వచ్చే వారం కుడి గోడకు రెండో గుమ్మం కోస్తాను, 35కు 35. రెండో దండెం కూడా, పాతదానికి 60 సెంటీమీటర్ల ఎడంగా, సరిగ్గా అదే ఎత్తులో. కిందగా పెడితే అన్నీ పైదానికోసమే కొట్టుకుంటాయి, కిందిది ఖాళీగా ఉంటుంది. చెక్క 5 సెంటీమీటర్ల వెడల్పున్నదే కావాలి, గుండ్రటి పైపు మీద పాదం పరుచుకోదు. అంతలోగా బరువు 1,280 కిందికి పోతే పర్లను, తోడుగా ఒక ఎర్రదాన్ని తీసి మళ్లీ మెష్ అవతల పెడతాను. ఒక్కదాన్నే తీస్తే మళ్లీ ఒక్కదాన్నే కలపాల్సొస్తుంది, ఆ తలనొప్పి నాకొద్దు.

డేగ ఈ రెండ్రోజులుగా గుడ్ల మీంచి లేవడం లేదు, చెయ్యి పెడితే ఉబ్బి గుర్రుమంటోంది. పొదుగు మీద గట్టిగా నిలబడితే దాని కింద గుడ్లు పెట్టాలనుంది. తల్లి వెంట మందలో తిరిగిన పిల్లల మీదకు ఇంత తెగించి ఏదీ రాదు. అప్పుడీ మెష్‌లూ ప్లైవుడ్‌లూ చాలావరకు తప్పుతాయి. డేగ గట్టిగా కూర్చుంటే, దాని కింద గుడ్లు పెట్టేలోపే రెండో గుమ్మం పని ముగించుకోవాలి, గూడు పక్కన రంపం మోత మోగుతుంటే పొదుగు పెట్ట నిలవదు.