పచ్చి ఆకు గిన్నెలోకి వచ్చేసరికి

సలాడ్ కలపడం చిటికెలో పని. మందు పడని ఆకు సంపాదించడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది.

గంగవాయిల కూర మా ఇంట్లో పప్పులోకి తప్ప దేనికీ రాదు. లెబనాన్‌లో ఫత్తూష్ అనే సలాడ్‌లో పచ్చిగానే వేసుకుంటారు, టర్కీలో పెరుగులో కలుపుకుంటారు. మనకేం రోగం అని పంతం పట్టాను. కూరగాయలమ్మే ఆమెను మందు కొట్టారా అని అడిగితే, "కొట్టంది యాడుందమ్మా ఇప్పుడు" అంది. నిజం చెప్పినందుకు ఆమె దగ్గరే కొత్తిమీర కొన్నాను.

కలుపు మందు కొట్టని చేలు ఎక్కడున్నాయో సర్కారు వాళ్లకు తెలుస్తుంది కదా అని ఒక వ్యవసాయ కార్యాలయానికి వెళ్లాను. బుద్ధి ఉన్నవాళ్లు వెళ్లొద్దు. ఏం పంట అని అడిగాడు కుర్చీలో ఆయన. పంట కాదండీ, గట్టు మీద మొలిచే ఆకు అన్నాను. "అంటే కలుపు" అని సొరుగులోంచి ఒక కరపత్రం తీసి ఇచ్చాడు. దాన్నిండా నేను వెతుకుతున్న ఆకులే! గంగవాయిలి, చెంచలి, గలిజేరు రంగుల బొమ్మలతో సహా ఉన్నాయి, పక్కనే ఏ మందుతో చస్తాయో. తినడానికండీ అన్నాక ఇంకో బల్ల దగ్గర్నుంచి "మేడమ్ గడ్డి తింటారంట" అని వినపడింది. గదంతా నవ్వు. జీతం మన డబ్బే, నవ్వు మాత్రం మన మీద. జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు, సాగు చేయకుండా వచ్చే ఈ కూరల విలువ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఈ బల్లల దాకా చేరలేదు. కరపత్రం మాత్రం దాచుకున్నాను, ఆకు గుర్తుపట్టడానికి అంత మంచి బొమ్మలు ఎక్కడా లేవు.

ఆకు పచ్చగా ఉంది కదా అని నమ్మకండి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టిన మొక్క వెంటనే మాడదు, కొన్ని రోజులు నిగనిగలాడుతూనే ఉంటుంది. చేతులతో కలుపు తీసే చేను చూసుకోవాలి. నాకు చివరికి ఒక కంది చేలో దొరికింది. అక్కడ కలుపు తీస్తున్న అవ్వ నా సంచిలోంచి ఒక తీగ లాగి పుటుక్కున తుంచింది. తెల్లటి పాలు కారాయి. "పాలు కారేది ముట్టకు బిడ్డా, గంగవాయిలికి నీళ్లే వస్తయ్" అని అవతల పారేసింది. పుల్లగా కావాలంటే పొద్దున్నే తెంపమంది. వానలు మొహం చాటేసినప్పుడు ఈ మొక్క రాత్రిపూట గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆమ్లంగా దాచుకుంటుంది, ఎండెక్కే కొద్దీ వాడేసుకుంటుంది. కరపత్రంలో ఇది లేదు.

ఆకుల మధ్య ఇసుక దాక్కుంటుంది, కుళాయి కింద మూడు నాలుగు సార్లు కడగాల్సిందే. కుక్కలు తిరిగే ఖాళీ ప్లాట్లలోది, మోరీ పక్కది పచ్చిగా వద్దు. లేత కొసలు, గుప్పెడు పులిచింతాకు, ఉల్లిపాయ, కీరా, పచ్చిమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, కాస్త నువ్వుల నూనె. పులిచింతాకు ఉంటే నిమ్మకాయ దండగ. ఉప్పు తినే ముందే వేయాలి, లేకపోతే నీరుకారిపోతుంది.

ఈ ఆకుల్లో ఆక్సలేట్లు, అంటే కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే పదార్థాలు, ఎక్కువ. పెరుగు కలిపితే అందులోని కాల్షియం వాటిని కొంత పట్టుకుంటుంది గానీ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జోలికి పోకపోవడమే మంచిది. మా ఆయనకు ఒకసారి రాయి వచ్చింది కాబట్టి ఆయనకు ఉల్లిపాయా కీరాయే పెట్టాను. మూతి ముడుచుకున్నారు. మిగతాదంతా నేనే లాగించాను.