బాన్‌విల్‌లో వేగం కన్నా ముందు తనిఖీ

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐ-80 రోడ్డు పట్టుకుని పడమరగా రెండు గంటలు పోతే, వెండోవర్ అనే ఊరు ఇంకా రాకముందే బాన్‌విల్ ఉప్పు మైదానం తగులుతుంది. ఆగస్టు, స్పీడ్ వీక్. కార్లూ బైకులూ ఎంత వేగం పోగలవో తేల్చుకోవడానికి 1949 నుంచి ఇక్కడ జరుగుతున్న ఔత్సాహికుల పండగ ఇది. వేగం చూద్దామనే వెళ్లాను గానీ, పరుగుకు ముందు బండ్లను పరీక్షించే తనిఖీ వరస దగ్గర నిలబడ్డాక అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. (వెళ్లేవాళ్లకో మాట: తెల్లటి ఉప్పు మీద పడి ఎండ కింద నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద సన్‌స్క్రీన్ రాసుకోండి.)

ఇక్కడ ఏ బండీ పక్క బండితో పోటీ పడదు. తన తరగతిలో ఉన్న పాత రికార్డుతోనే దాని పోటీ. ఇంజిన్ సైజుకు ఒక అక్షరం: 8 లీటర్లు దాటితే ఏఏ, అర లీటరు లోపైతే కె. బాడీని బట్టి మరో విభజన. చక్రాలను బాడీ కప్పేస్తే స్ట్రీమ్‌లైనర్, బయటికి కనబడితే లేక్‌స్టర్. యుద్ధ విమానాల పాత ఇంధన ట్యాంకుల్లో ఇంజిన్ పెట్టి నడిపే లేక్‌స్టర్లూ ఉన్నాయి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌చార్జర్ ఉంటే ఒక తరగతి, లేకుంటే మరొకటి. న్యూజిలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో 1967లో తన పాత 'ఇండియన్' (అమెరికా కంపెనీ పేరు) బైకుతో గంటకు 184 మైళ్లు కొట్టిందీ ఇలాంటి ఒక తరగతిలోనే, వెయ్యి సీసీ లోపు.

నా ముందున్న లేక్‌స్టర్‌ని పెద్దాయన ఒకాయన తనిఖీ చేస్తున్నారు. ఆయనా స్వచ్ఛందంగా వచ్చినవారే. డ్రైవర్‌ను ఫైర్ సూట్, హెల్మెట్‌తో కూర్చోబెట్టి, బెల్టులన్నీ బిగించి, "కళ్లు మూసుకుని పారాచూట్ లివర్ పట్టుకో" అన్నారు. పట్టుకున్నాడు. "మంటలార్పేది?" అదీ దొరికింది. "ఇక బయటికి రా, ఎవరూ సాయం చేయరు." చేతుల పట్టీలు విప్పుకుని ఆయాసపడుతూ దిగాడు. గంటకు 175 మైళ్లు దాటే కార్లకు వేగం తగ్గించే పారాచూట్ తప్పనిసరి.

అన్నీ బాగున్నాయనుకుంటుండగా పెద్దాయన టైరు దగ్గర కూర్చున్నారు. వాల్వు మూత ప్లాస్టిక్‌ది! కుదరదన్నారు. ఆ వేగంలో చక్రం తిరుగుతుంటే వాల్వులోని పిన్ను చక్రం అంచు వైపు జరిగి, వాల్వు తెరుచుకుని గాలి పోవచ్చు. అప్పుడు గాలిని ఆపాల్సింది ఆ మూతే, అందుకే లోహపుది కావాలి. డ్రైవర్ ఏమీ వాదించలేదు. పక్క టెంటులో అడిగితే వాళ్లు గుప్పెడు మూతలు ఇచ్చారు.

కొత్తవాళ్లు ఒక్కసారిగా 200 మైళ్లకు పోవడానికి వీల్లేదు, లైసెన్సు మెట్టు మెట్టుగా ఎక్కాలి. రికార్డు దాటినా పని అయిపోదు. బండి ఇంపౌండ్‌కు, అంటే నిర్వాహకుల కాపలాలో ఉండే చోటికి, పోతుంది. మరమ్మతులకు నాలుగు గంటలు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పరుగు, రెండింటి సగటే లెక్క. ఆ తర్వాత ఇంజిన్ సైజు కొలిచి చూస్తారు, తరగతికి మించి ఉంటే రికార్డు లేదు. ఇంత చేసినా డబ్బు బహుమతి ఉండదు.