కడుపులో పుండు మానాక

నాకు వచ్చిన జబ్బు పాపం వల్ల రాలేదు. ఈ మాట ముందే చెప్పాలి. నేను మంచం మీద ఉన్నప్పుడు ప్రార్థనకు వచ్చినవాళ్ళలో కొందరు, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో బాబూ" అన్నారు. నాలో అలాంటిది ఒకటి నిజంగానే ఉంది. అయినా పుండు పుట్టింది దానివల్ల కాదు. రోగి మంచం పక్కన కూర్చుని అలా అడగొద్దని అందరినీ బతిమాలుకుంటున్నాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి కన్నవారిదీ కాదన్నాడు యేసు.

ఎండోస్కోపీ చేసిన డాక్టరు గారు విడమరిచి చెప్పారు. చిన్నపేగు మొదట్లో పుండు. దానికి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దానికి తోడు నడుంనొప్పికని ఏళ్ళ తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగిన మాత్రలు. మిర్చి యార్డులో గుమాస్తా పని నాది, నడుంనొప్పి ఎప్పుడూ ఉండేదే. గుంటూరు వాళ్ళం కాబట్టి చుట్టాలంతా కారం మీద నేరం మోపారు. కారం పుండును మండించొచ్చు గానీ పుట్టించదట. ఒకప్పుడు డాక్టర్లు కూడా టెన్షన్ వల్లే అల్సర్ వస్తుందనేవారు. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మరి నా పాపం ఏం చేసింది? నన్ను ఆస్పత్రికి వెళ్ళనివ్వలేదు.

అమ్మానాన్నలు పోయాక ఊళ్ళో పొలం అమ్మాం. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. అక్క ఆ లెక్కలేవీ అడగలేదు. "నువ్వే చూడరా" అని సంతకం పెట్టింది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో వేసిన ధరే అసలు ధర అని నమ్మించి, అందులో సగం ఆమె చేతిలో పెట్టాను. పైన నగదుగా వచ్చినది నా దగ్గరే ఉంచుకున్నాను. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొన్నేళ్ళకు కడుపునొప్పి మొదలైంది. తర్వాత మలం తారులా నల్లగా రాసాగింది. లోపల రక్తం పోతోందనడానికి అది గుర్తని నాకు తెలియదు. ఏదో పెద్దదే అని మాత్రం అర్థమైంది. 'దేవుడు కొడుతున్నాడు, పడాల్సిందే' అనుకున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. జబ్బు చెబితే దాని వెనకున్నదీ చెప్పాల్సి వస్తుందని భయం. ఒక తప్పు దాచడం అలవాటయ్యాక ఒంట్లోంచి పోతున్న రక్తాన్ని కూడా దాచాను. చివరికి యార్డులో కళ్ళు తిరిగి పడిపోతే తోటివాళ్ళు ఆటోలో వేసుకుని తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ 6కి వచ్చేసింది. రక్తం ఎక్కించారు.

కబురు తెలిసి తెనాలి నుంచి అక్క వచ్చేసింది. మా ఆవిడను రాత్రిళ్ళు ఇంటికి పంపి తనే కాపలా ఉంది. రాగిజావ చల్లార్చి స్పూనుతో పట్టించేది. "తాగరా నాన్నా, ఇంకో రెండు గుక్కలు" అనేది. నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. ఆ రోజుల గురించి నాకు ఇప్పటికీ చెప్పడం చేతకాదు. ఆ ప్రేమంతా ఆమె మనసులో ఉన్న మంచి తమ్ముడికి. అక్కడ పడుకున్నవాడు వేరే. కళ్ళు మూసుకుని నిద్ర నటించేవాణ్ణి. ఒప్పుకోని పాపానికి నేను కట్టిన అసలు ధర అదే: నన్ను ప్రేమించేవాళ్ళ మధ్యే ఉండి, ఆ ప్రేమలో ఒక్క చుక్క కూడా నాదనుకోలేకపోయాను.

గుడిలోనూ అంతే. 1842లో లూథరన్ మిషన్ మొదలైన ఊరు మాది, తాతల నాటి నుంచి ఆ సంఘమే. ఆరాధన మొదట్లో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతాం. నేనూ గొంతెత్తి చెప్పేవాణ్ణి. అంతమంది గొంతుల్లో నా సంగతి ఎవరికీ వినిపించదు కదా. ప్రభు సంస్కారం, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, ఉన్న ఆదివారం మాత్రం ఒంట్లో బాగోలేదని ఇంట్లోనే ఉండిపోయేవాణ్ణి.

రెండు రకాల యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర 14 రోజులు వాడించారు. తర్వాత పరీక్షలో బ్యాక్టీరియా లేదని తేలింది. ఆకలి తిరిగి వచ్చింది, ముఖం తేటపడింది. నిద్ర మాత్రం పట్టలేదు. అవి మే నెల రోజులు, గుంటూరు ఎండలు. బైబిల్లో 32వ కీర్తనలో దావీదు తాను మౌనంగా ఉన్నంతకాలం తన సారం వేసవిలో ఎండినట్టయిందని చెప్పుకున్నాడు. పుండు మానిపోయింది కాబట్టి నింద వెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ రాత్రులు దావీదు చెప్పినవే.

మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. వెంటనే ప్రార్థన చేస్తారనుకున్నాను. ఆయన చెయ్యలేదు. "మీ అక్కగారికి తెలుసా?" అని అడిగారు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం తీసి చదివించారు. తప్పు ఒప్పుకుని, నష్టాన్ని పూర్తిగా ఇచ్చి, అయిదో వంతు కలిపి, ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళకే ఇవ్వాలని ఉంది అక్కడ. "ముందు తెనాలి వెళ్ళి రండి, తర్వాత ఇద్దరం మోకరిద్దాం" అన్నారు. ఆయన అలా పంపినందుకు జీవితాంతం కృతజ్ఞుణ్ణి.

అక్క మొత్తం వింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఆ ఏడే కదరా పిల్లను ఇంటర్‌తో మాన్పించింది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఫీజు కట్టలేక మాన్పించారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. ఆ తర్వాత సంస్కారం తీసుకున్నాను, రాత్రిళ్ళు నిద్రపోతున్నాను. కానీ నా మేనకోడలి చదువు ఆగిపోయిన ఏళ్ళు ఏ ప్రార్థనతోనూ వెనక్కి రావు.

అసలు డబ్బు కొంత ఇచ్చాను. మిగతాది ఈ సీజన్ మిర్చి అమ్మకాలు అయ్యాక ఇస్తాను. అయిదో వంతు వద్దంది అక్క, అయినా ఇస్తాను. మేనకోడలికి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ ఫీజు కడతానని చెప్పాను. ఆలోచించుకుని చెబుతానంది. బావగారు ఇంకా నాతో మాట్లాడటం లేదు. అక్క ఫోన్ చేస్తే ముందు మాత్రలు వేసుకుంటున్నానా లేదా అని అడుగుతుంది. ఇప్పుడు ఆమెకు తెలిసిన తమ్ముణ్ణే అడుగుతోంది.