హాస్టల్ అన్నం ఖర్చు ఏ పద్దులో ఉంటుంది: పాలసీ ప్రాజెక్టు చేసేవాళ్లకు

‘సంక్షేమ హాస్టళ్ల పనితీరు – ఒక అధ్యయనం’ అని పేరు పెట్టుకుని ప్రాజెక్టు మొదలుపెడితే ఆరు నెలలు తిరిగినా ఏమీ తేలదు. ‘ఫలానా జిల్లా ఎస్సీ హాస్టళ్లకు 2023-24లో డైట్ చార్జీలు (భోజనం డబ్బు) ఏ నెలవి ఏ నెలలో అందాయి?’ అని అడిగి చూడండి. కాగితం ఎవరి బీరువాలో ఉందో ఆ ప్రశ్నే చెప్పేస్తుంది.

ముందు రాష్ట్ర బడ్జెట్ తెరవండి. ప్రసంగం వద్దు, ఏ శాఖకు ఏ పద్దులో ఎంతో చూపే డిమాండ్ల పుస్తకం కావాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమమంతా 2225 అనే మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) కింద ఉంటుంది. అందులో 01 అంటే ఎస్సీలు, దాని కింద 277 అంటే విద్య. హాస్టళ్లను వెతకాల్సింది అక్కడే. మొదటి అంకె 2 అయితే రెవెన్యూ ఖర్చు, 4 అయితే పెట్టుబడి ఖర్చు. అంటే హాస్టల్లో అన్నం 2225లో, హాస్టల్ గోడలు 4225లో. ఈ రెండూ కలిపేసి ‘ఒక్కో విద్యార్థిపై ఖర్చు’ లెక్కగట్టిన ప్రాజెక్టు రిపోర్టులకు కొదవలేదు. విద్యాశాఖ 2202 లాంటి వేరే పద్దుల్లో 789 కనిపిస్తే అది ఎస్సీ ఉప ప్రణాళిక వాటా, అంటే ఆ శాఖ ఎస్సీల కోసం విడిగా చూపే డబ్బు. 796 అయితే గిరిజనులది.

అసలు తప్పు జరిగేది ఏటేటి అంకెలుండే గడుల దగ్గర. 2025-26 పుస్తకంలో 2023-24కి అసలు లెక్కలు, 2024-25కి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, 2025-26కి అంచనా ఉంటాయి. అంచనాను అంచనాతో పోల్చి ‘నిధులు పెరిగాయి’ అని రాసేస్తారు. అంచనా వట్టి మాట, ఖర్చు కాదు. 2023-24లో నిజంగా ఎంత ఖర్చయిందో రెండేళ్ల తర్వాతి పుస్తకంలోగానీ కనపడదు. కేటాయించింది, అనుబంధ పద్దుల్లో కలిపింది, ఖర్చు చేసింది, మిగిల్చింది ఒకేచోట చూడాలంటే ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే వినియోగ పద్దులు (అప్రోప్రియేషన్ అకౌంట్స్) చదవాలి. కాగ్ సైట్‌లో ఉచితంగానే ఉంటాయి. ప్రాజెక్టు గైడ్లు వీటిని ఎందుకు చెప్పరో అర్థం కాదు.

నెలవారీ విడుదలల కోసం జీవోలు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం 2021 ఆగస్టులో ఆపి 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలపు జీవో సైట్‌లో దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి.

దరఖాస్తులో ‘డైట్ చార్జీలు ఎందుకు ఆలస్యమయ్యాయి?’ అని రాస్తే అక్కడితో అయిపోయినట్టే. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డును, కారణాన్ని కాదు. 2010లో సుప్రీంకోర్టు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో ఇదే చెప్పింది. ఇలా రాయండి: ‘2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు డైట్ చార్జీల బిల్లులు పంపిన తేదీ, మంజూరైన తేదీ, మొత్తం చూపే రిజిస్టర్ పేజీల నకళ్లు ఇవ్వగలరు.’ ఒక దరఖాస్తులో ఒకే ఏడాది, ఒకే జిల్లా. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు. సెమిస్టర్ చివర్లో వేసే దరఖాస్తు వైవాకు అందదు, మొదటి వారంలోనే వేసేయండి.

జిల్లాల మధ్య పోలిక పెడితే ఇంకో గొయ్యి ఉంది. 2011 జనాభా లెక్కలు ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలవి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం ఏపీకి 13 జిల్లాలు, తెలంగాణకు 31. పేరొకటే అయినా ఇప్పటి కర్నూలు అప్పటి కర్నూలు కాదు. జనాభా లెక్కలైతే గ్రామాల కోడ్‌ల నుంచి కొత్త జిల్లాకు కూడుకోవచ్చు. సర్వే అంకెలతో ఆ పని చేయకూడదు, దాని శాంపిల్ మండల స్థాయికి నిలబడదు. సర్వేతో పోల్చాలంటే కొత్త జిల్లాల మండలాల అంకెల్నే పాత జిల్లాలోకి కలపండి.

జర్నల్ వ్యాసాలకు డబ్బు కట్టే ముందు మీ లైబ్రేరియన్‌ను ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ గురించి అడగండి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు అందులో వస్తున్నాయి. పాత థీసిస్‌లకు శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ) లైబ్రరీకి, రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) లైబ్రరీకి కాలేజీ నుంచి లెటర్ పట్టుకుని వెళ్లండి.

ఇంటర్న్‌షిప్ అంటే నీతి ఆయోగ్‌ది అందరికీ తెలిసిందే, స్టయిపెండ్ ఉండదు, సొంత లాప్‌టాప్ కావాలి. డిగ్రీ అయ్యాక చూడదగ్గది చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్: వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర పని. ఏ డిగ్రీ అయినా సరే. దరఖాస్తులో ‘ప్రజాసేవ అంటే నాకు ఇష్టం’ అని ఒక పేజీ రాసేకన్నా, పైన చెప్పిన రిజిస్టర్ నకళ్ల నుంచి నెలవారీ ఆలస్యాలు తేల్చిన ఒక్క పట్టిక గురించి నాలుగు ముక్కలు రాయండి.