కోచ్ పనితనం తెలిసేది సెట్టర్ వెళ్లిపోయిన ఏడాదే

కాలేజీ వాలీబాల్ జట్టులో నేను మూడేళ్లు సెట్టర్‌గా, అంటే స్పైకర్లు నెట్ మీంచి బలంగా కొట్టేందుకు వీలుగా బంతిని లేపి అందించేవాడిగా, ఆడాను. మా కోచ్ గారు నాతో చేయించిన సాధనల్లో ఒకటి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఆయన ఒక స్టూలు మీద నిలబడి, బంతిని కావాలనే అడ్డదిడ్డంగా, ఒకసారి నెట్‌కు మరీ దగ్గరగా, ఇంకోసారి మూడు మీటర్ల గీతకు కూడా వెనక పడేలా విసిరేవారు. నేను పరుగెత్తి దాని కిందకు చేరి వేళ్ల కొసలతో లేపగానే, బంతి ఎటు పోయిందో కూడా చూడకుండా, "బ్లాకర్లు ఎక్కడున్నార్రా?" అని అడిగేవారు. నెట్ అవతల మా దెబ్బను అడ్డుకోవడానికి ఎగిరే బ్లాకర్లను వదిలేసి నేను బంతినే చూస్తూ ఉండేవాణ్ణి కనుక మొదటి ఏడాదంతా నా దగ్గర జవాబు లేదు. రెండో ఏడాదికి తడుముకుంటూ చెప్పగలిగాను. మూడో ఏడాది ఆయన అడగడమే మానేశారు.

చదువు ముగిసిన కొన్ని నెలలకు ఒక సాయంత్రం ఆ కోర్టు వైపు వెళ్తే, అదే స్టూలు, అదే అడ్డదిడ్డపు బంతి, అదే ప్రశ్న. బంతి కింద మాత్రం కొత్తగా చేరిన మరో కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు నాకు కలిగింది అసూయే కానీ, ఆయన మూడేళ్లు కూర్చి పేర్చినది నాతోపాటే గేటు దాటి వెళ్లిపోయిందన్న సంగతి చాలాకాలం తర్వాత గానీ తట్టలేదు. అప్పటి నుంచి ఏ కాలేజీ కోచ్ గురించి చదివినా, గెలుపుల లెక్క కంటే ముందు, మంచి సెట్టర్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది ఆ జట్టు ఎలా ఆడిందో వెతకడం నాకు అలవాటైంది.

సెట్టరే ఎందుకంటే, బంతిని అవతలికి పంపేలోపు జట్టుకు ఉండే మూడు టచ్‌లలో రెండోది దాదాపు ప్రతిసారీ అతనిదే. ఒక స్పైకర్ మారితే ఆ ఒక్క మూల ఆట మారుతుంది. సెట్టర్ మారితే, ప్రతి స్పైకర్‌కూ అందే బంతి ఎత్తు, వేగం, నెట్‌కు ఉండే దూరం, అన్నీ మారిపోతాయి. ఎప్పుడు అడుగు తీయాలో, ఎప్పుడు ఎగరాలో అందరూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. క్లబ్ జట్టులోనో జాతీయ జట్టులోనో ఒక సెట్టర్‌ను పదేళ్లు నిలుపుకోవచ్చు. అమెరికా కాలేజీ ఆటలో సాధారణంగా ఒక క్రీడాకారిణికి దక్కేవి నాలుగు సీజన్లే. అంటే నలభై ఏళ్లు పనిచేసిన కోచ్ తన జట్టును కనీసం పదిసార్లు కొత్తగా కట్టి ఉంటారన్నమాట.

నలభై ఏళ్లకు పైగా ఈ పని చేసిన వారిలో నేను ఎక్కువగా గమనించినది పెన్ స్టేట్ యూనివర్సిటీ మహిళల జట్టు కోచ్ రస్ రోజ్‌ను. ఆయన 1979 నుంచి 2021 వరకు అదే జట్టుతో ఉండి 1,330 మ్యాచ్‌లు గెలిచారు, ఓడినవి 229. ఏడు జాతీయ టైటిళ్లు దక్కాయి. అందులో 2007, 2008, 2009 టైటిళ్లు మూడింటికీ సెట్టర్ అలీషా గ్లాస్, తర్వాత 2014 ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన అమెరికా జట్టులో ఉత్తమ సెట్టర్‌గా నిలిచిన అమ్మాయి. ఆ మూడు సీజన్లలో జట్టు వరుస గెలుపులు వందను దాటిపోయాయి. గ్లాస్ వెళ్లిపోయాక 2010 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ చేతిలో ఓడి ఆ వరుస 109 దగ్గర ఆగింది. పత్రికలకు ఆ 109 చాలు. నాకు మాత్రం ఆ ఓటమి తర్వాత మూడు నెలలు ముఖ్యం, ఎందుకంటే కొత్త సెట్టర్‌తో ఆడిన అదే జట్టు ఆ డిసెంబరులో మళ్లీ టైటిల్ గెలిచింది. రోజ్ గెలిచిన ఏడింటిలో ఏది గొప్పదని నన్నడిగితే, ఓటమి ఎరగని 2008, 2009 సీజన్లను పక్కన పెట్టి 2010నే చూపిస్తాను.

పురుషుల ఆటలో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కోచ్ ఆల్ స్కేట్స్ కథ ఇంకో తీరుది. 1963 నుంచి 2012 వరకు ఆయన గెలిచిన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్లు 19. ఆయన 1979లో ఇద్దరు సెట్టర్ల పద్ధతిని వాడి, వెనక వరుసలో ఉన్నప్పుడు సెట్ చేసిన వాడే ముందు వరుసకు వచ్చాక స్పైక్ కొట్టేలా జట్టును నడిపారు. ఆ ఇద్దరూ సిన్జిన్ స్మిత్, అప్పుడే కాలేజీలో చేరిన, తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన కార్చ్ కిరాయ్. ఆ ఏడాది వారిని ఓడించిన జట్టే లేదు. స్మిత్ వెళ్లిపోయిన 1980లో ఫైనల్లో యూఎస్‌సీ అనే మరో యూనివర్సిటీ చేతిలో ఓడి, 1981, 1982లలో మళ్లీ గెలిచారు. ఒక సెట్టర్ వెళ్లినా రెండోవాడు మిగిలేలా చూసుకోవడం తెలివైన ఏర్పాటే, కానీ రెండో సెట్టర్‌గా కిరాయ్ లాంటివాడు దొరకడం అందరికీ రాసి ఉండదు కదా.

బయటివారికి కనిపించే కోచ్ సెట్‌కు రెండు టైమ్ అవుట్లు తీసుకుంటూ గీత పక్కన నిలబడే మనిషి. ఉద్యోగంలో అది చిన్న భాగం. ఇప్పుడున్న సెట్టర్ రెండో ఏడాదిలో ఉండగానే తర్వాతి సెట్టర్ కోసం హైస్కూలు ఆటగాళ్లను చూడటం మొదలుపెట్టాలి. అమెరికా నిబంధనల ప్రకారం వారికి పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 దాకా కోచ్ ఫోన్ కూడా చేయకూడదు. ఆ తేదీన మాత్రం పోటీపడి చేస్తారు. ఇన్ని తిప్పలు పడి తెచ్చుకున్న సెట్టర్, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చాక, నాలుగేళ్లూ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

దీనికి తోడు నియమాలు మారుతూ వచ్చాయి. రోజ్ పని మొదలుపెట్టినప్పుడు సర్వీస్ చేసిన జట్టుకే పాయింట్, సెట్ 15 పాయింట్లకు. మహిళల కాలేజీ ఆటలో 2001లో సర్వీస్ ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింట్ ఇచ్చే పద్ధతి వచ్చి సెట్ 30కి పెరిగింది, 2002లో వెనక వరుసలో రక్షణకే ఆడే లిబెరో వచ్చింది, 2008లో సెట్ 30 నుంచి 25కు తగ్గింది. ఇక 2024 నుంచి, రెండో టచ్‌లో బంతి రెండు చేతులకూ వేర్వేరుగా తగిలినా, అది సొంత జట్టు వైపే ఉంటే తప్పు కాదట. డబుల్ టచ్ విజిల్ ఎక్కడ మోగుతుందోనని మూడేళ్లు భయపడుతూ వేళ్లు సరిచేసుకున్న నాకు ఇది మింగుడుపడలేదు. బంతి రెండు చేతులకూ ఒకేసారి తగిలేలా సాధన చేయించే గంటలు మిగిలి, బ్లాకర్లను చూడటం నేర్పడానికి పనికొస్తాయని కోచ్‌లు సంతోషిస్తే వారిని తప్పుపట్టలేను.

ఆ 2024 సీజన్‌లోనే మరొకటి జరిగింది. అప్పటివరకు ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన మహిళల మొదటి డివిజన్ టైటిల్‌ను ఏ మహిళా హెడ్ కోచ్ గెలవలేదు. ఫ్లోరిడా జట్టుతో మేరీ వైజ్ 2003లో, 2017లో ఫైనల్ దాకా వచ్చి ఆగిపోయారు. 2024 డిసెంబరు ఫైనల్లో ఇరువైపులా మహిళలే కోచ్‌లు కావడంతో ఎవరు గెలిచినా చరిత్రే అయింది. లూయివిల్‌పై నెగ్గింది పెన్ స్టేట్. ఆ జట్టు కోచ్ కేటీ షుమాకర్-కాలీ, రోజ్ శిక్షణలో 1999 టైటిల్ గెలిచిన జట్టులో ఆడినవారు, ఆ సీజన్‌లో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతూనే బెంచ్ దగ్గర నిలబడ్డారు.

ఓడిన లూయివిల్ కోచ్ డానీ బుస్‌బూమ్ కెల్లీపై నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. నెబ్రాస్కా జట్టులో సెట్టర్‌గా ఆడిన ఆమె, చివరి ఏడాది 2006లో లిబెరోగా మారి టైటిల్ గెలిచిన జట్టులో నిలిచారు. చేతిలోని పనిని వదిలి మరొకటి నేర్చుకోవడం ఆమెకు ఆటగత్తెగానే అలవాటైంది. ఆమె కోచ్ జాన్ కుక్ నాలుగు టైటిళ్ల తర్వాత 2025 జనవరిలో విరమించుకుంటే, ఆ కుర్చీ ఆమెకే దక్కింది. దానితోపాటు అప్పటికే రెండు సీజన్లు జట్టును నడిపిన బెర్గన్ రైలీ అనే సెట్టర్ కూడా చేతికందింది. రైలీతో ఆడే మ్యాచ్‌లు ఎలాగూ చూస్తాను. రైలీ వెళ్లిపోయాక వచ్చే సెప్టెంబరు మ్యాచ్‌లను మాత్రం నిద్ర మానుకునైనా చూస్తాను.